పుస్తకంలో 9 లక్షల 40 వేలు, ఖాతాలో 7 లక్షల 86 వేలు: నల్గొండ బట్టల షాపు కార్డు లెక్కల కేస్ స్టడీ

నల్గొండ ప్రకాశం బజార్ దిక్కు ఒక బట్టల షాపు, చీరలు రెడీమేడ్లు రెండూ అమ్ముతరు, పేరు వద్దు గానీ ఓనర్‌ని సేటు అనుకుందాం. మాఘమాసం లగ్గాల సీజన్ అయిపోయినంక ఫిబ్రవరి లెక్క ముందలేస్కొని కూసున్నడు. పుస్తకంలో కార్డు మెషిన్ల మీద రాసుకున్న సేల్ 9,40,000. కరెంట్ అకౌంట్‌లో మెషిన్ పేరు మీద పడ్డయన్నీ కలిపి, అదే పేరు మీద కట్ అయినవి తీసేస్తే మిగిలింది 7,86,938 రూపాయల 30 పైసలు. తేడా 1,53,061 రూపాయల 70 పైసలు. యూపీఐ క్యూఆర్ సంగతి ఇందులో లేదు, అది వేరే పుస్తకం, అది సరిపోయింది.

"మెషినోడే తింటున్నడు సారూ, బ్యాంకు మీద కంప్లైంట్ రాయుర్రి, లక్షన్నర అంటే మాటలా" అన్నడు. నేను చుట్టుపక్కల షాపులకు అకౌంట్లు, జీఎస్టీ రిటర్నులు చూస్త, ఈ మాట నాకు కొత్త కాదు. సీజన్ అయిపోయినంక ప్రతి బజార్లో ఒకరిద్దరు ఇదే అంటరు, లోపల కారణం మాత్రం ఒక్కో షాపుకి ఒక్కో తీరుంటది. ఈ షాపుల ఏమైందంటే ఒక్కటి కాదు, ఏడు తీర్ల కారణాలు ఒకే నెలలో కలిసినయ్, అందుకే పూర్తిగ రాస్తున్న.

కంప్లైంట్ తర్వాత రాద్దాం గానీ ముందు నాలుగు కాగితాలు తియ్యి సేటూ అన్న. మెషిన్లకెల్లి వచ్చిన మర్చంట్ కాపీ స్లిప్పులు, రోజూ రాత్రి బ్యాచ్ క్లోజ్ చేసినప్పుడు వచ్చే సెటిల్‌మెంట్ రిపోర్ట్, మెషిన్ ఇచ్చిన బ్యాంకు మెయిల్‌లో పంపే పేమెంట్ రిపోర్ట్ (మన దగ్గర అందరూ ఎంపీఆర్ అంటరు), ఇగ బ్యాంక్ స్టేట్‌మెంట్. మొదటి రెండు దొరికినయ్. స్లిప్పులు గల్లాపెట్టె కింద రబ్బర్ బ్యాండేసి పెట్టిన్రు, సగం స్లిప్పులు నల్లగైనయ్, అది థర్మల్ పేపర్ కాబట్టి ట్యూబ్‌లైట్ చోక్ పక్కన వేడికి పెడితే అట్లనే అయితది. నాలుగోది సేటు ఫోన్లో ఉంది. మూడోది, ఎంపీఆర్ అనేది ఒకటుంటదని సేటుకి తెల్వదు. అది ఏ మెయిల్‌కి పోతుందో కూడా తెల్వదు. ఆ మెయిల్ కథ కిందికి వస్తది, 32 వేలు పోయింది అక్కడనే.

ముందుగాల పైసలు ఏ దారిన వస్తయో చెప్తా, ఇది తెల్వకపోతే మిగతాది బుర్రకెక్కదు. కస్టమర్ కార్డు పెట్టి పిన్ కొడితే మెషిన్ ఆ సమాచారాన్ని తన బ్యాంకుకి పంపుతది, అంటే మనకు మెషిన్ ఇచ్చిన బ్యాంకు, దాన్నే అక్వైరర్ అంటరు. అది వీసా, మాస్టర్‌కార్డ్, రూపే, కార్డు ఏదైతే ఆ నెట్‌వర్క్‌కి పంపుతది, నెట్‌వర్క్ పొయ్యి కార్డు ఇచ్చిన బ్యాంకుని అడుగుతది, అది ఇష్యూయర్. ఇష్యూయర్ సరే అంటే ఒక ఆరు అక్షరాల అప్రూవల్ కోడ్ వెనక్కి వస్తది, స్లిప్పు మీద పడేది అదే. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. దీని పేరు ఆథరైజేషన్. డెబిట్ కార్డైతే కస్టమర్ ఖాతాలో అప్పుడే కట్ అయితది, క్రెడిట్ కార్డైతే లిమిట్‌లో అంత బ్లాక్ అయితది, కానీ మన చేతికి ఇంకా పైసా రాలే. మార్కెట్ యార్డ్‌ల వడ్లు కాంటా పెట్టి చీటీ తీస్కున్నట్టు, చీటీ చేతిలో ఉంటది, పైసలు ఖాతాలో పడేది తర్వాత. రాత్రి బ్యాచ్ క్లోజ్ చేస్తేనే ఆ రోజు అప్రూవల్సన్నీ మూటగట్టి అక్వైరర్‌కి పోతయ్, అక్కడ్నుంచి క్లియరింగ్ (బ్యాంకుల నడుమ లెక్క తేల్చుకునుడు), తర్వాత సెటిల్‌మెంట్ (పైసలు చేతులు మారుడు), అప్పుడు కోత పోను మిగిలింది మన ఖాతాలో పడ్తది. అంటే స్లిప్పు తేదీ ఒకటి, పైసలు పడే తేదీ ఇంకోటి, స్లిప్పు మీద అంకె ఒకటి, పడే అంకె ఇంకోటి. రోజు టోటల్ తీస్కపొయ్యి ఖాతాలో పడ్డదానికి ఎదురు పెడితే జన్మల కలవదు.

అందుకే నేను టోటళ్ళు చూడను, ఒక్కో స్లిప్పు మీద ఆర్‌ఆర్‌ఎన్ అని ఆ లావాదేవీని గుర్తుపట్టే 12 అంకెల నంబర్ ఉంటది, దాన్ని ఎక్సెల్‌లో ఎక్కించి ఎంపీఆర్‌లో ఉన్న ఆర్‌ఆర్‌ఎన్‌తో వీలుకప్ (రెండు జాబితాలు కలిపి చూసే ఎక్సెల్ ఫార్ములా) పెడ్త. మెషిన్ల వెండర్‌ని పట్టుకొని ఎంపీఆర్ మళ్ళ తెప్పించినం. కలవనివి వేరే షీట్‌లోకి తీసినం. ఇగ ఒక్కోటి.

మొదటిది అన్నిటికంటే విచిత్రమైంది. కలవని స్లిప్పులల్ల ఒక కట్ట మొత్తం ఒకటే తీరున్నయ్, అన్నీ రెండో మెషిన్‌వి. ఒక స్లిప్పు ఇంకో స్లిప్పు పక్కపక్కన పెట్టి చూస్తే పైన షాపు పేరు కింద ఎంఐడీ, టీఐడీ అని రెండు నంబర్లు. టీఐడీ అంటే ఆ మెషిన్ నంబర్, 8 అక్షరాలుంటది, రెండు మెషిన్లకు రెండు వేరే ఉండాల్సిందే. ఎంఐడీ అంటే వ్యాపారి నంబర్, 15 అక్షరాలుంటది, ఒకే షాపు ఒకే ఖాతా అయితే రెండు మెషిన్లకూ మామూలుగా ఒకటే ఉంటది. ఇక్కడ వేరే వేరే ఉన్నయ్. స్లిప్పు మీద షాపు పేరులో కూడా చివర్ల ఒక మాట తేడా ఉంది, ఇన్నేండ్లు ఎవరూ చూడలే. సంగతేందంటే, ఇంతకుముందు షాపు పక్క మడిగెల సేటు తమ్ముడు టైలరింగ్, రెడీమేడ్ నడిపిండు, అది బంద్ పెట్టినంక ఆయన మెషిన్ ఇక్కడికి తెచ్చి రష్ ఉన్నప్పుడు వాడుతున్నరు. పైసలు సక్కగ తమ్ముని పాత కరెంట్ అకౌంట్‌లోకి పోతున్నయ్. మామూలు నెలలల్ల అయిదారు స్లిప్పులు, ఎవరికీ పట్టింపు లేదు, లగ్గాల నెల కాబట్టి 41,300 అయింది. తమ్ముడు ఇపుడు హైదరాబాద్‌ల ఉంటడు, ఆ ఖాతా చూస్కోక చాన రోజులైందంటడు, నమ్ముదాం. నాకు పైసలకంటే ఎక్కువ భయం ఏందంటే బిల్లు ఒక జీఎస్టీ నంబర్ మీద, పైసలు ఇంకొకరి పాన్ మీద ఉన్న ఖాతాలో, రేపు ఎవరన్నా అడిగితే ఇద్దరూ జవాబు చెప్పాలె. ఆ మెషిన్‌ని ఆ రోజే పక్కన పెట్టిపిచ్చిన.

రెండోది బ్యాచ్. మెషిన్‌లో ఆటో సెటిల్‌మెంట్ రాత్రి పదకొండుకి పెట్టి ఉంది. షాపు తొమ్మిదిన్నరకు మూస్తరు, పిల్లగాడు మెషిన్ ఆఫ్ చేసి డ్రాయర్‌లో పెడ్తడు, ఆఫ్ చేసిన మెషిన్ పదకొండుకి ఏం సెటిల్ చేస్తది? పొద్దుగాల ఆన్ చేసినంక ఎప్పుడో బ్యాచ్ పోతది, పైసలు ఒక రోజు లేటు. మామూలుగా ఇది నష్టం కాదు, కానీ నెల చివర్ల లెక్క చూస్తే తేడా కనబడ్తది. ఫిబ్రవరి 28న అమ్మిన 74,200 మార్చిలో పడ్డయ్, జనవరి 31న అమ్మిన 22,600 ఫిబ్రవరిలో పడ్డయ్, తీసేస్తే 51,600 తేడా. లక్షన్నరలో మూడో వంతు ఇదే, ఒక్క పైసా కూడా ఎటూ పోలే. బ్యాచ్ రోజుల తరబడి క్లోజ్ చెయ్యకపోతే మాత్రం ప్రమాదమే, ఆథరైజేషన్‌కి గడువుంటది, అది దాటితే ఇష్యూయర్ ఒప్పుకోకపోవచ్చు. సాగర్ దిక్కు లాడ్జీలోళ్ళు ప్రీ ఆథరైజేషన్ చేసి అడ్వాన్స్ బ్లాక్ చేస్తరు, కస్టమర్ పోయేటప్పుడు దాన్ని క్యాప్చర్ చెయ్యాలె, అంటే బ్లాక్ అయినదాన్ని వసూలుగ మార్చాలె, మర్చిపోతే ఇదే తంటా. బట్టల షాపుకి ఆ గొడవ లేదు.

మూడోది 9,450. ఇందులో రెండు సేల్స్ ఉన్నయ్, పుస్తకంల రాసి ఉన్నయ్, స్లిప్పులు లేవు. అడిగితే కౌంటర్ పిల్లగాడు చెప్పిండు, "మెషిన్‌ల సిగ్నల్ పోయింది అన్నా, కస్టమర్ ఫోన్‌కి మాత్రం కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, చూపెట్టిండు, అందుకే ఇచ్చి పంపిన." ఇది చాన షాపులల్ల జరిగేదే. మెసేజ్ వచ్చింది అంటే ఇష్యూయర్ సరే అన్నది నిజమే, కానీ ఆ సరే అన్న మాట మన మెషిన్ దాకా రాలే, మెషిన్ టైమౌట్ అయింది. అప్పుడు మెషిన్ మళ్ళ లైన్ దొరకంగనే రివర్సల్ అని ఒక సందేశం పంపుతది, నేను ఆ పైసలు తీస్కోలే, వాపస్ ఇచ్చెయ్యి అని. కట్ అయిన పైసలు కస్టమర్‌కే వాపస్ పోతయ్. 2019 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఇట్లాంటి ఫెయిల్ అయిన లావాదేవీ టీ ప్లస్ 5, అంటే లావాదేవీ రోజు పోను 5 రోజుల్లో దానంతట అదే వెనక్కి పడాలె, దాటితే రోజుకి 100 రూపాయలు కస్టమర్‌కి ఇవ్వాలె. అది కస్టమర్‌కి భద్రత, దుకాణదారుకి కాదు. దుకాణదారుకి భద్రత ఒక్కటే, అప్రూవల్ కోడ్ ఉన్న స్లిప్పు. కస్టమర్ ఫోన్‌ల మెసేజ్ ఎంత పెద్దగ కనబడ్డా అది మన కాగితం కాదు.

ఈ రెండిట్ల ఒక కస్టమర్ దేవరకొండ దిక్కోళ్ళు, బిల్లు మీద ఫోన్ నంబర్ ఉండె, ఫోన్ చేస్తే "అవ్ అన్నా, వాపస్ పడ్డయ్, మేమే చెప్దామనుకున్నం" అని అప్పుడే యూపీఐ కొట్టిన్రు. రెండో ఆమె నంబర్ లేదు, కానీ ఆమె బ్లౌజులు కుట్టనిచ్చింది, తీస్కపోయేటందుకు వస్తది అని పిల్లగాని ధీమా, నిజంగనే వచ్చింది, ఇచ్చింది. బజార్ల ఇంకా ఈ మాత్రం మర్యాద ఉన్నందుకు సంతోషమే గానీ ప్రతిసారి బ్లౌజులు కుట్టనియ్యరు కదా.

ఇక్కడనే ఇంకో సంగతి. మెషిన్ కార్డు వద్దంటే ఊరికే అనదు, ఒక కోడ్ చూపిస్తది, పిల్లలకు నేర్పిస్తే కస్టమర్‌తో కొట్లాట తగ్గుతది. 51 అంటే ఖాతాల పైసలు చాలవు, 55 అంటే పిన్ తప్పు, 54 అంటే కార్డు గడువు అయిపోయింది, 91 అంటే ఆ బ్యాంకు సర్వర్ పలుకుతలేదు, ఇంకో కార్డు అడగాలె. 05 వస్తే కారణం చెప్పకుండ బ్యాంకు వద్దన్నదని అర్థం, కస్టమరే తన బ్యాంకుకి ఫోన్ చేస్కోవాలె, మనం మళ్ళమళ్ళ గీకొద్దు. 51 వస్తే పదిమందిల "పైసలు లేవంట మేడమ్" అని అరవకుండ మెల్లగ చెప్పాలె అని కూడా నేర్పాలె, అది నా వైపు నుంచి.

నాలుగోది 6,800 రిఫండ్, చిన్నది. లెహంగా సైజు చాలలేదని రెండు రోజులకు వాపస్ తెచ్చిన్రు, మెషిన్ మీదనే రిఫండ్ కొట్టిన్రు, మంచి పని చేసిన్రు, పుస్తకంల మాత్రం తగ్గియ్యలే. అదే రోజు బ్యాచ్ క్లోజ్ కాకముందు అయితే వాయిడ్ కొడితే సరిపోతుండె, అమ్మినట్టే ఉండదు, కోత కూడా పడదు. బ్యాచ్ పోయినంక వాయిడ్ పని చెయ్యదు, రిఫండే, అది తర్వాత సెటిల్‌మెంట్‌లో మనకు తగ్గిచ్చి ఇస్తరు, కస్టమర్‌కి పడనీకి కొన్ని రోజులు పడ్తది. రివర్సల్ మెషిన్ చేసేది, వాయిడ్, రిఫండ్ మనం చేసేవి. కార్డు మీద అమ్మింది క్యాష్‌ల వాపస్ ఇయ్యొద్దు అని మాత్రం గట్టిగ చెప్పిన, క్యాష్ తీస్కపోయినోడే రేపు బ్యాంకుల "నాకు సరుకు రాలే" అని వేస్తే మన దగ్గర చూపెట్టనీకి ఏం ఉండదు.

అయిదోది సేటు ఎక్కువ మొత్తుకున్నది, కోత. ఎండీఆర్ అంటరు, కార్డు సేల్ మీద మన దగ్గర పట్టుకునే శాతం. ఆయన లెక్కల "రెండు పర్సెంట్ గుంజుతున్నరు సారూ" అని. ఎంపీఆర్ తీసి చూపెట్టిన, ఆ నెల మెయిన్ మెషిన్ మీద సెటిల్ అయిన మొత్తం 8,37,650. అందులో వీసా, మాస్టర్‌కార్డ్ డెబిట్ 4,10,000, దీని మీద 0.90 శాతం, 3,690 రూపాయలు. రూపే డెబిట్ 1,20,000, దీని మీద సున్నా, 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్‌కీ యూపీఐకీ ఎండీఆర్ తీసేసిన్రు. క్రెడిట్ కార్డులు 2,69,650, ఈ షాపు అగ్రిమెంట్‌ల 1.8 శాతం, 4,853.70. బయటి దేశం కార్డు ఒక్కటే, అమెరికా నుంచి లగ్గానికి వచ్చిన చుట్టాలు 38,000కి కొన్నరు, దాని మీద 3 శాతం, 1,140. అన్ని కలిపి 9,683.70. మొత్తం సేల్ మీద చూస్తే ఒకటింపావు శాతం కూడా లేదు. సేటు కాల్కులేటర్ తీస్కొని మళ్ళ కొట్టిండు, అదే వచ్చింది.

ఈ 0.90 ఎక్కడ్నుంచి వచ్చిందంటే డెబిట్ కార్డుకి ఆర్‌బీఐ గరిష్ఠం కట్టింది, 2018 జనవరి 1 నుంచి. ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు ఉన్న చిన్న వ్యాపారికి మెషిన్ మీద 0.40 శాతం మించొద్దు, ఎంత పెద్ద బిల్లైనా 200 దాటొద్దు. 20 లక్షలు దాటినోళ్ళకు 0.90, బిల్లుకి 1,000 దాటొద్దు. ఈ షాపు పెద్ద స్లాబే, సరిగ్గనే పడ్డది. చిన్న కిరాణం, మెడికల్ షాపులోళ్ళు మాత్రం ఒకసారి చూస్కోవాలె, అప్లికేషన్ నింపేటప్పుడు టర్నోవర్ గళ్ళ ఏదో ఒక అంకె ఏసేస్తరు, అది ఏడాదుల తరబడి అట్లనే పెద్ద స్లాబ్‌ల కోసుకుంటది. క్రెడిట్ కార్డుకి ఇట్లాంటి గరిష్ఠం లేదు, అది బేరం. బేరం ఎంతవరకు అయితదంటే, ఎండీఆర్‌ల పెద్ద ముక్క ఇంటర్‌చేంజ్, అది కార్డు ఇచ్చిన బ్యాంకుకి పోతది, కొంత నెట్‌వర్క్‌కి పోతది, మిగిలింది మన అక్వైరర్‌ది. మనం బేరం చేసేది ఆ మిగిలిన ముక్క మీదనే. కస్టమర్‌కి రివార్డ్ పాయింట్లు, ఫ్రీ లాంజులు ఎక్కడ్నుంచి వస్తున్నయ్ అని సేటు అడిగితే, చాన మట్టుకు నీ ఇంటర్‌చేంజ్ నుంచే అని చెప్పిన, ఆయన మొఖం చూడాలె.

ఈ ఎండీఆర్ మీద జీఎస్టీ 18 శాతం. కానీ ఒక్కో బిల్లు 2,000 లోపు ఉంటే అక్వైరింగ్ బ్యాంకు ఆ సర్వీస్ మీద జీఎస్టీ వెయ్యొద్దు, మినహాయింపు ఉంది. చిన్న బిల్లుల ఎండీఆర్ 583.70 పోను 9,100 మీద జీఎస్టీ 1,638. మొత్తం కోత 11,321.70. ఆరోది మెషిన్ రెంట్ 500, దాని మీద జీఎస్టీ 90, మొత్తం 590. ఇప్పుడు అసలు సంగతి, ఈ 1,638, ఈ 90 రెండూ ఇన్‌పుట్ క్రెడిట్ తీస్కోవచ్చు, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీల తగ్గించుకోవచ్చు, వాపస్ వచ్చే పైసలు. తీస్కున్నడా అంటే లేదు, ఎందుకంటే మెషిన్ తీస్కునేటప్పుడు బ్యాంకుకి జీఎస్టీ నంబరే ఇయ్యలే, కాబట్టి జీఎస్టీఆర్ టూబీల (మన నంబర్ మీద ఉన్న క్రెడిట్లు చూపెట్టే నెల చిట్టా) కనబడదు, కనబడనిది మనం క్లెయిమ్ చెయ్యలేం. నెలకు పదిహేడు వందలు చిన్నగ అనిపిస్తది, ఇన్ని ఏండ్లది కలిపితే ఒక పిల్లగాని రెండు మూడు నెలల జీతం.

ఇగ ఏడోది, నిజంగ పోయింది. 32,000. స్టేట్‌మెంట్‌ల "చార్జ్‌బ్యాక్" అని రాసి ఒక డెబిట్ ఉంది, సేటు దాన్ని ఏదో బ్యాంకు చార్జీ అనుకున్నడు.

డిసెంబర్‌ల వాట్సాప్‌ల ఒకరు ఫోటోలు చూసి పోచంపల్లి ఇక్కత్ పట్టు చీరలు నాలుగు ఎంచుకున్నరు, ఇంగ్లీష్‌లనే మాట్లాడిన్రు, బేరం కూడా ఆడలే, ఫారిన్‌ల ఉంటం, హైదరాబాద్‌ల మా వాళ్ళకు పంపుర్రి అన్నరు. పేమెంట్ లింక్ పంపితే ఫారిన్ కార్డుతోని కట్టేసిన్రు. సేటు కొరియర్ చేసిండు, సరుకు చేరింది, సంతకం కూడా ఉంది. తర్వాత ఆ కార్డు అసలు ఓనర్ తన బ్యాంకుల చెప్పిండు, ఈ లావాదేవీ నేను చెయ్యలే అని. దొంగ కార్డు నంబర్ అన్నట్టు. ఇష్యూయర్ పైసలు వెనక్కి గుంజింది, అక్వైరర్ మన ఖాతాల నుంచి గుంజింది.

షాపుల కార్డు మెషిన్‌ల పెట్టి పిన్ కొడితే దాన్ని కార్డ్ ప్రెజెంట్ అంటరు, చిప్పు, పిన్ ఉన్నయ్ కాబట్టి నేను చెయ్యలే అనుడు కష్టం. లింక్ మీద కట్టేది కార్డ్ నాట్ ప్రెజెంట్. మన దేశం కార్డులకు మామూలుగా ఓటీపీ అడుగుతది, ఓటీపీతో నిజంగ ధ్రువీకరణ అయితే మోసం బాధ్యత మామూలుగా ఇష్యూయర్ మీదికి పోతది. బయటి దేశం కార్డులకు ఆ ఓటీపీ నిబంధన పట్టదు, అంకెలు కొడితే అయిపోతది, అప్పుడు బాధ్యత వ్యాపారి నెత్తిమీదనే. బేరం లేదు, కార్డు ఒక దేశంది, అడ్రస్ ఇంకో ఊరిది, మొదటి ఆర్డరే పెద్దది, పంపే తొందర వాళ్ళదే. ఈ నాలుగు కలిసినప్పుడు చీర మడతపెట్టి బీరువాల పెట్టుడే నయం.

అయినా చార్జ్‌బ్యాక్ అంటే ఏకపక్షంగ అయిపోదు. అక్వైరర్ ముందు మెయిల్ పంపుతది, కారణం కోడ్ రాస్తది, బిల్లు, కొరియర్ రసీదు, చాటింగ్ ఏముంటే అవి గడువులోపల పంపుమంటది. వాటితోని మన తరఫున మళ్ళ పెడితే దాన్ని రిప్రజెంట్‌మెంట్ అంటరు. "సరుకు రాలే" అనే కేసైతే కొరియర్ సంతకంతోని గెలుస్తం. "నేను చెయ్యలే" అనే కేసుల కొరియర్ సంతకం నిలబడేది తక్కువ, అయినా పెట్టాలె, పెడితేనే కదా. ఇక్కడ పెట్టనే లేదు. మెయిల్ వచ్చినట్టే సేటుకి తెల్వదు, ఎందుకంటే అప్లికేషన్‌ల ఉన్న మెయిల్ ఐడీ సేటుది కాదు, ఆన్‌లైన్‌ల ఫారం నింపిన ఇంటర్నెట్ సెంటర్ పిల్లగానిది. ఎంపీఆర్‌లు, చార్జ్‌బ్యాక్ నోటీసు, రేట్లు మార్చిన ఉత్తరాలు, అన్నీ ఆ పిల్లగాని ఇన్‌బాక్స్‌లోనే ఉన్నయ్, వానికి రోజుకి వందల మెయిళ్ళు, ఎవరివో ఏందో వాడెట్ల చూస్తడు. గడువు దాటింది, కేసు మూసేసిన్రు. నేను కూడా ఏం చెయ్యలేకపోయిన.

ఆ చాటింగ్ చూస్తుంటే ఇంకోటి కనబడ్డది, వేరే కస్టమర్‌ని లింక్ పని చేస్తలేదని షాపు పిల్లగాడు కార్డు రెండు దిక్కుల ఫోటో అడిగిండు, ఆమె పంపింది కూడా, వెనుక మూడంకెల సీవీవీతో సహా. అది అక్కడే డిలీట్ చేపిచ్చిన. సీవీవీ ఏ రూపంల దాచినా తప్పే, లావాదేవీ అయినంక దాన్ని ఉంచుకునే హక్కు ఏ వ్యాపారికీ లేదు, పీసీఐ డీఎస్‌ఎస్ అనే కార్డు సమాచార భద్రత నియమాలల్ల మొట్టమొదటి నిషేధాలల్ల ఇదొకటి.

లెక్క కలిసింది. 41,300, 51,600, 9,450, 6,800, 11,321.70, 590, 32,000. కూడితే 1,53,061.70, పైసల దాకా. ఇందులో పక్కాగ పోయింది 32,000. కోత, రెంట్ వ్యాపారం ఖర్చు, అందులో జీఎస్టీ ముక్క వాపస్ వచ్చేది. మిగతావి ఎటూ పోలే, వేరే తేదీల, వేరే ఖాతాల, లేకుంటే కస్టమర్ దగ్గర ఉన్నయ్.

కంప్లైంట్ ఇగ వద్దన్న. సేటు ఊకోలే, "మరి ఈ కోత నేనెందుకు భరించాలె, కార్డు అంటే 2 పర్సెంట్ ఎక్స్‌ట్రా అని బోర్డ్ పెడ్త" అన్నడు. పెట్టొద్దు, 2017 డిసెంబర్ ఆర్‌బీఐ సర్క్యులర్‌లనే డెబిట్ కార్డు ఎండీఆర్ కస్టమర్ మీద వెయ్యొద్దని ఉంది, సేటు సంతకం పెట్టిన అగ్రిమెంట్‌ల కార్డులన్నిటికీ అదే మాట ఉంది. ఎవరన్నా స్లిప్పు ఫోటో తీసి బ్యాంకుకి పెడితే ఎంఐడీ ఆగుతది. ఇంకో సలహా కూడా అడిగిండు, పక్క బజార్ల కొందరు క్రెడిట్ కార్డు గీకి క్యాష్ ఇస్తున్నరు, మూడు పర్సెంట్ పట్టుకుంటున్నరు, మనం చేస్తే ఎండీఆర్ పోను మిగుల్తది కదా అని. అది ఇంకా పెద్ద తలకాయనొప్పి. షాపు రకానికి ఒక నాలుగంకెల ఎంసీసీ కోడ్ ఉంటది, బట్టల షాపు మామూలుగా ఎంత బిల్లు చేస్తది, ఏ టైంల చేస్తదో అక్వైరర్‌కి తెలుసు, రాత్రి పదింటికి అదే నాలుగు కార్డుల మీద ప్రతి నెలా రౌండ్ ఫిగర్ 50,000 గీకితే పట్టుకోనీకి ఎంతసేపు. పైగా ఆ సేల్‌కి సరుకు బిల్లు ఎక్కడ్నుంచి తెస్తవు, జీఎస్టీ ఎవరు కడ్తరు అని అడిగిన, ఊకున్నడు.

మార్చిన పనులు ఎక్కువేం లేవు. మెయిల్ ఐడీ, ఫోన్ నంబర్ సేటు పేరు మీదికి లెటర్‌హెడ్ మీద రాసిచ్చి మార్పిచ్చినం, జీఎస్టీ నంబర్ ఎక్కిపిచ్చినం. ఆటో సెటిల్‌మెంట్ టైం తొమ్మిదికి తెచ్చినం, తొమ్మిది తర్వాత గిరాకీ ఉంటే మూసేటప్పుడు చేతితోని బ్యాచ్ కొట్టి ఆ రిపోర్ట్ స్లిప్పుని ఫోటో తీసి సేటుకి పంపాలె. అప్రూవల్ కోడ్ లేకుంటే సరుకు గడప దాటొద్దు, కస్టమర్ ఫోన్‌ల ఏం చూపెట్టినా సరే. ఫారిన్ కార్డులకు పేమెంట్ లింక్ బంద్ చేపిచ్చినం, నిజంగ చుట్టాలైతే బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేస్తరు. కోత, రెంట్ పోను మార్చి లెక్కల తేడా ఒక్క బ్యాచ్ మందమే వచ్చింది, అది ఏప్రిల్ 1న పడ్డది.

తమ్ముని మెషిన్ మాత్రం ఇంకా డ్రాయర్‌లనే ఉంది. ఆ ఎంఐడీ మూయనీకి తమ్ముడే సంతకం పెట్టాలె, ఆయన నల్గొండ వస్త వస్త అంటున్నడు, అప్పటిదాక నెలనెలా దాని రెంట్ ఆయన ఖాతాల కట్ అయితనే ఉంది. పైసలు పంపిండు గానీ 41,300 కాదు, కోత పోను తన ఖాతాల పడ్డ 40 వేల ఆరొందల చిల్లర పంపిండు. సేటు ఫోన్ చేస్తే "ఎండీఆర్ నేనెందుకు పెట్టుకోవాలె అన్నా, అమ్మింది నువ్వు కదా" అన్నడంట. లెక్క ప్రకారం తమ్ముడే కరెక్ట్, సేటుకి ఆ మాట నేనే చెప్పాల్సొచ్చింది.